లేకేం

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ మామయ్యగారూ మన పోలీసూ కులాసా. మీరు కులాసాగా ఉన్నట్టు మీ ఉత్తరం మొదటి వాక్యంలోనే రాశారు కాబట్టి ‘అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను’ అని నేను మళ్లీ తలవక్కర్లేదు. అయినా ఆ ముక్క రాయకపోతే ఉత్తరం మొదలైనట్టు ఉండదని రాస్తున్నాను.

జవాబు ఆలస్యమైంది. మీ ఉత్తరం అంది రెండు వారాలు కావస్తోంది. పనిలో పడి మరిచిపోయానంటే మీరు నమ్ముతారు, నాకు ఆ పేరుంది. కానీ మరిచిపోలేదు. కాగితం ముందు పెట్టుకోవడం, మీ ఉత్తరం మరోసారి చదవడం, కాగితం సొరుగులో పెట్టేయడం, ఇలా నాలుగైదు సార్లు అయింది. ఎందుకో చివర్న చెబుతాను. ముందు మీరు అడిగినవాటికి వరసగా జవాబులు.

గీజరు బాగైంది. లోపల తీగ కాలిపోయిందట. మెకానిక్ వచ్చి మార్చి, “ఇక పదేళ్లు ఢోకా లేదమ్మా” అని వెళ్లాడు. ఈ గీజరు కొన్న రోజున మీరు అన్నదీ సరిగ్గా అదే మాట. కాబట్టి నేను ఒక బకెట్టు కూడా కొని పెట్టుకున్నాను.

మామయ్యగారు చెవి మిషను పెట్టుకుంటున్నారా అని అడిగారు. పొద్దున లేవగానే పెట్టుకుంటున్నారు. ఆన్ మాత్రం చెయ్యరు. బ్యాటరీ అరిగిపోతుందట. “ఎవరైనా వినదగ్గ మనిషి వచ్చినప్పుడు ఆన్ చేస్తాలేమ్మా” అన్నారు నాతోనే. మీ నాన్నగారికి నా మీద ఉన్న అభిమానం మీకు తెలిసిందే కనుక వేరే వివరించను.

పోలీసు లెక్కల పరీక్షలో గట్టెక్కింది. అమ్మాయికి ఆ పేరు మీరు ఏ ముహూర్తాన పెట్టారో గానీ రోజురోజుకూ హోదా పెరుగుతోంది. పోస్టులో వచ్చిన మీ కవరు నాకంటే ముందు దాని చేతికే చిక్కింది. “నాన్న నీకేం రాశాడు?” అంది. “నీకు విడిగా రాశాడుగా, అది చదువుకో” అన్నాను. “నాకు రాసినదాంట్లో అన్నీ లెక్కల గురించే. నీ దాంట్లో ఏదో ఉంది. చదివాక నువ్వు రెండుసార్లు మంచినీళ్లు తాగావు” అంది. పన్నెండేళ్ల పిల్ల అడిగే ప్రశ్నలు కావు అవి.

పోయిన ఉత్తరంలో నేను, ఆ కొండల్లో చలికి దుప్పట్లయినా లేవా అని అడిగాను. ‘దుప్పట్లు లేకేం, రెండిచ్చారు’ అని రాశారు. సంతోషం. మీరు పోసిన సిమెంటు దిమ్మలన్నీ అనుకున్నదానికంటే ఎక్కువ బరువు తట్టుకుని పగిలాయని కూడా రాశారు. అది ఇంకా సంతోషం. దిమ్మలు పోసి, నీళ్లలో నానబెట్టి, ఆ తర్వాత పగిలేదాకా నొక్కి, ఎంతకు పగిలిందో రాసుకోవడమే ఉద్యోగంగా ఉన్న మనిషిని పెళ్లిచూపుల్లో చూసినప్పుడు నాకు ఆ ఉద్యోగం సగం కూడా అర్థం కాలేదు. ఇప్పుడు పరాయివాళ్లకు నేనే విడమరిచి చెబుతున్నాను. వంతెన నిలబడేది ఆ పగిలిన దిమ్మల మాట మీదేనని చెబితే అందరూ నోరెళ్లబెడుతున్నారు.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. సంతకం పెట్టేశాక, చోటు లేక, కాగితం పక్కకు తిప్పి అంచున నిలువుగా రాశారే, అది. ‘రెండో వంతెన పని కూడా నన్నే చూడమంటున్నారు. ఇంకో రెండేళ్లు. నెలాఖరుకల్లా కాగితం మీద సంతకం పెట్టాలి. నీకు ఇబ్బందేం లేదు కదా?’

దీనికి జవాబు చెప్పాలంటే ముందు లైబ్రరీలో జరిగిన భాగోతం చెప్పాలి. అదీ మీరు అడిగిందే. ‘నీ ప్రసంగాలు ఎలా జరుగుతున్నాయి, జనం వస్తున్నారా’ అని.

నా పని సంగతి మీకు తెలుసు. ఇప్పటి జర్మన్ భాషలో వస్తున్న నవలల మీద నేను పొడుగాటి వ్యాసాలు రాస్తాను. వాటిని ప్రపంచంలో ఒక అరడజను మంది చదువుతారు. ఆ అరడజను మంది రాసినవి నేను చదువుతాను. ఎవరికీ నష్టం లేదు. ఈ ఏడాది యూనివర్సిటీలో మా హెడ్‌గారికి జ్ఞానోదయమైంది. పండితులు నాలుగు గోడల మధ్య కూర్చుంటే లాభం లేదు, జనంలోకి వెళ్లాలి అన్నారు. ఆయన మాత్రం గదిలోంచి కదల్లేదు. నన్ను జనంలోకి పంపారు.

జనం అంటే మన వీధి చివర లైబ్రరీ. పైఅంతస్తులో హాలు, టక్కు టక్కుమని కొట్టుకునే ఫ్యాను, ప్రతి కుర్చీ వీపు మీద లైబ్రరీ ముద్ర. లైబ్రేరియన్‌గారు మా హాలుకు రండి అని పిలిచి, ఉత్సాహంగా గేటుకు బోర్డు రాయించారు. ‘జర్మన్ భాషా సాహిత్యం, ఒక పరిచయం’ అని రాయమన్నాం. రాసేవాడు మొదటి మాటను అరచెయ్యంత అక్షరాలతో రాయడంతో మిగతావాటికి చోటు చాల్లేదు. చివరికి గేటుకు వేలాడిన బోర్డు ఇది: ‘జర్మన్. ప్రతి శనివారం. అందరికీ ఉచితం.’

ఆ బోర్డు చూసి ఒకాయన తన జర్మన్ షెపర్డ్ కుక్కను తీసుకుని వచ్చాడు. శిక్షణ ఇస్తారనుకున్నాడట. విషయం తెలిశాక, లేచి వెళ్తే బాగుండదని కుక్కను మెట్ల దగ్గర కట్టేసి చివరిదాకా కూర్చున్నాడు. విచిత్రం ఏమిటంటే తర్వాతి శనివారం కూడా వచ్చాడు, కుక్కతో సహా. ఇప్పుడు ఆయన లేకపోతే నాకే వెలితిగా ఉంటుంది. పేరు అడగలేదు, మేమంతా కుక్కలాయన అంటాం. మొదటి వరసలో రిటైరైన నర్సమ్మగారు కూర్చుంటారు. వార్డులో రోగులను అదిలించిన గొంతు, మైకు అక్కర్లేదు. ఆవిడ పక్కన మన మామయ్యగారు, మిషను పెట్టుకుని, ఆఫ్ చేసుకుని. ఇంకా ముప్పై నలభై మంది. వర్షం పడితే ఇంకొంచెం ఎక్కువ.

నేను అనువాదం ముందుగా రాసుకుని వెళ్లను. చూసి చదివితే సగం మంది కునుకు తీస్తారు. ఒక పేరా జర్మన్‌లో చదువుతాను, మాట వినబడాలని. తర్వాత పుస్తకం మీద వేలు పెట్టుకుని అప్పటికప్పుడు తెలుగులో చెబుతాను. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న భాష కనుక ధీమాగానే వెళ్లాను.

ఈసారి తీసుకున్నది కిందటేడు వచ్చిన ఒక నవల. రాసినావిడ పేరు చెప్పినా మీకు నోరు తిరగదు, వదిలేయండి. కథ చాలా చిన్నది. ఒక మొగుడూ పెళ్లాం బట్టలుతికే దుకాణం నడుపుతుంటారు. హోటళ్ల దుప్పట్లు, తువ్వాళ్లు. పని అంతా ఆవిడదే. ఆయన మంచివాడే గానీ ఇస్త్రీ చేస్తే కాలుస్తాడు, లెక్క రాస్తే తప్పుతాడు. వేరే ఊళ్లో అన్నగారి కలప మిల్లులో మనిషి కావాలని కబురొస్తుంది. ఆయన పెట్టె సర్దుకుంటాడు. ఆవిడ ఆ సమయంలో పెద్ద దుప్పటి ఒక్కతే మడతపెడుతుంటుంది. మధ్య మడత గడ్డం కింద అదిమిపెట్టి, రెండు కొసలూ రెండు చేతులతో చాచి పట్టుకుని. ఆయన గుమ్మంలో నిలబడి అడుగుతాడు, “నాతో నీకిక్కడ అవసరమేం లేదు కదా?” అని.

ఆవిడ ఒక్క మాట అంటుంది. డోఖ్. ఆ మాట అనడానికి గడ్డం ఎత్తాల్సి వస్తుంది. దుప్పటి జారి నేల మీద పడుతుంది. అధ్యాయం అక్కడితో సరి.

ఈ డోఖ్ అనే మాట గురించి మీకు చెప్పాలి. ఎవరైనా ‘లేదు కదా’, ‘రావు కదా’ అని అడిగినప్పుడు దాన్ని అడ్డంగా కొట్టిపారేసే మాట అది. ‘లేదు కదా’ అంటే ‘ఉంది’ అని. ‘అవసరం లేదు కదా’ అంటే ‘ఎందుకు లేదు, ఉంది’ అని. చదువుకోవడం మొదలుపెట్టిన పిల్లలు దీన్ని డిక్షనరీలో చూసి ‘అవును’ అని రాసేస్తారు. ఏటా మొదటి పరీక్షలో నేను ఆ ‘అవును’ను ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ‘వ్యతిరేకార్థం!’ అని రాస్తాను. రాసి రాసి నాకే విసుగొచ్చింది.

ఆ శనివారం మైకు ముందు నేను ఏమన్నానో ఇప్పటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

“నాతో నీకిక్కడ అవసరమేం లేదు కదా?” అన్నాడాయన. “అవును,” అందావిడ. దుప్పటి నేల మీద పడింది. ఇలా చెప్పి పుస్తకం మూశాను.

మొదట నర్సమ్మగారు లేచారు. “అబ్బ, ఎంత గట్టి మనిషండీ! ఏడుపు లేదు, పెడబొబ్బలు లేవు. అవసరం లేదు, పో అంది. చేతిలో ఉన్నది కూడా వదిలేసింది చూశారా? ఇక నీ దారి నీది, నా దారి నాది అన్నట్టు!” చప్పట్లు కొట్టారు. ఇంకా నలుగురు లేచి మాట్లాడారు. ఆడది అంటే అలా ఉండాలి అని ఒకరు, నిజానికి మగాళ్లు ఇంట్లో దేనికీ అక్కరకు రారని ఒకరు. కుక్కలాయన మాత్రం ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు.

నర్సమ్మగారు మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు, ఆవిడ సరిగా వినలేదేమో అనుకున్నాను. రెండో మాటకు తెలిసింది, ఆవిడ సరిగ్గానే విన్నారు, నేనే తప్పు చెప్పాను. వెంటనే మైకు తీసుకుని దిద్దుకోవాల్సింది. దిద్దలేదు. నిజం చెప్పాలంటే, ఆవిడ అంతలా మెచ్చుకుంటున్నది నవలలో ఆవిడను కాదు, నన్నే అనిపించింది. ఆ మాట అన్నది నేనే కదా. కాసేపు హాయిగా విన్నాను. ఈలోగా లైబ్రేరియన్‌గారు వందన సమర్పణ చేసేశారు.

ఇంటికొచ్చేసరికి ఇంకో కథ. మీరు అక్కడ, నేను ఇక్కడ ఉండి ఇన్ని నెలలైంది కనుక ఇది మీ నాన్నగారు రాసే లోపు నేనే రాయడం మంచిది. మామయ్యగారు నన్ను పక్కకు పిలిచి, చాలా మెల్లగా, “డోకు ఎప్పట్నుంచి వస్తోందమ్మా?” అని అడిగారు. నాకు అర్థం కాలేదు. “మైకులో చెప్పావుగా, డోకు అని” అన్నారు. తర్వాత వేళ్ల మీద ఏవో నెలలు లెక్కపెట్టుకుని, నా ముఖం చూసి, గదిలోకి వెళ్లిపోయారు. పోలీసు వెళ్లి ఆయన మిషను ఆన్ చేసి, “డోకు కాదు తాతయ్యా, డోఖ్! జర్మన్!” అని అరిచి వచ్చింది. “ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా” అని ఆయన మళ్లీ ఆఫ్ చేసుకున్నారు.

నవ్వడం అయ్యాక నేను వంటింట్లో నిలబడి ఆలోచించాను. పసిపిల్లలు చేసే తప్పు నేనెలా చేశాను? నా పని నాకు బాగానే వచ్చు. జ్వరమూ లేదు, నిద్ర చాలకపోవడమూ కాదు. ఉన్నదల్లా ఒకటే. మీ ఉత్తరం ఆ వారమే వచ్చింది. అంచున నిలువుగా రాసిన ప్రశ్నకు ఇవ్వాల్సిన జవాబు వారమంతా నా నోట్లో నానుతోంది. ‘అవును, ఇబ్బందేం లేదు.’ నవలలో ఆయన అలాంటి ప్రశ్నే అడిగేసరికి, సిద్ధంగా ఉన్న ఆ జవాబు ఠక్కున బయటికొచ్చేసింది.

ఇక్కడ చిక్కేమిటంటే తర్వాతి అధ్యాయం. మొదటి వాక్యంలోనే ఆయన పెట్టె గుమ్మంలో దించి ఉంటుంది, మొగుడూ పెళ్లాం చెరో కొస పట్టుకుని దుప్పటి మడతపెడుతుంటారు. పొమ్మన్న మనిషి ఇంట్లో ఎలా ఉన్నాడని జనం అడగరూ? లైబ్రేరియన్‌గారి దగ్గరికి వెళ్లి గోడు చెప్పుకున్నాను. ఆయన గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, “మధ్యలో తిరిగొచ్చాడని చెప్పేయండి మేడమ్. నలుగురికి తెలిస్తే ఏం బావుంటుంది? ఇక్కడ జర్మన్ వచ్చినవాళ్లు ఎవరున్నారు?” అన్నారు.

“మీరే కదండీ జనంలోకి రమ్మన్నారు” అన్నాను.

“రమ్మన్నాం గానీ, తప్పులు ఒప్పుకోడానికి రమ్మన్లేదు” అన్నారాయన. మంచి మనిషి, నా పరువు కోసమే అన్నారు.

కానీ ఆవిడ చెప్పని మాట ఆవిడ నోట్లో పెట్టి, దానికి చప్పట్లు కొట్టించి, నేనెలా ఊరుకోను? తక్కువ బరువుకే పగిలిన దిమ్మను మీరు సరేలే అని ఎక్కువకు పగిలినట్టు రాసి సంతకం పెడతారా? శనివారం హాలుకు వెళ్లి, మైకు తీసుకోగానే మొదట అదే చెప్పాను. పోయినవారం ఒక మాట తప్పు చెప్పాను, ఆవిడ అవునని అనలేదు, అవసరం ఉంది అంది, ఆయన పెట్టె కింద పెట్టాడు, వెళ్లలేదు. తర్వాత మన భాషలో ఉన్న ఇరకాటం చెప్పాను. మనల్ని ఎవరైనా ‘లేదు కదా’ అని అడిగితే ‘అవును’ అన్నా లేదనే అర్థం, ‘లేదు’ అన్నా లేదనే అర్థం, ‘ఊఁ’ కొట్టినా లేదనే అర్థం. ఎటు తిరిగినా అడిగినవాడు అనుకున్నదే జరుగుతుంది. కాదనాలంటే ఒక పూర్తి వాక్యం కట్టుకోవాలి. జర్మన్‌వాళ్లకు దానికి ఒక చిన్న మాట ఉంది, మనకు లేదు. ఇలా చాలా పాండిత్యంగా చెప్పాను.

నర్సమ్మగారికి కోపం వచ్చింది. “అంటే, ఉండిపొమ్మందా? అబ్బే! వారమంతా మా కోడలికి ఆవిడను చూసి నేర్చుకోవే అని చెబుతున్నానండీ నేను! ఇప్పుడు వెళ్లి ఏం చెప్పాలి?”

“ఆవిడ తప్పేం లేదండీ” అన్నాడు కుక్కలాయన. ఇన్ని వారాల్లో ఆయన నోరు విప్పడం అదే మొదలు. “తప్పంతా అడిగినవాడిది. జవాబు తనే చెప్పేసుకుని, చివర్న ‘కదా’ అని తగిలించాడు. అలా అడిగితే ఎవరైనా ఏం చెబుతారు? మా కుక్కనే, ‘నువ్వు రావు కదా’ అని పిలిచాననుకోండి, అది వస్తుందా?”

అందరూ నవ్వారు. కింద మెట్ల దగ్గర కుక్క కూడా ఏదో అంది. నర్సమ్మగారు నవ్వలేదు. “ఆవిడ ఒక్కతే మడతపెట్టుకోగలదుగా. ఇన్నాళ్లూ పెట్టుకుందిగా. ఇంకా ఆయనతో అవసరం ఏంటట?” అని నన్ను అడిగారు.

“అది పుస్తకంలో లేదండీ” అన్నాను.

ఆవిడ కాసేపు తన సంచీ పట్టీ సవరించుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి, “ఆయనకు వినబడిందా, ఆవిడ అన్నది?” అన్నారు.

“వినబడింది. అందుకే పెట్టె దించాడు.”

“సరే అయితే, చదవండి” అన్నారు. ఆ తర్వాత గంటసేపు చదివాను. ఎవరూ లేవలేదు.

ఇది మొన్న శనివారం సంగతి. ఇవాళ పొద్దున, ఇక తప్పదని మీ ఉత్తరం ముందు పెట్టుకుని మొదటి నుంచీ చదివాను. రెండో పేజీలో మీ మాట, ‘దుప్పట్లు లేకేం, రెండిచ్చారు.’ చదివి ముందుకు పోయి, మళ్లీ వెనక్కి వచ్చాను. దుప్పట్లు లేవా అని నేను అడిగాను. లేకేం అన్నారు మీరు. ఒక్క మాట, రెండక్షరాలు. నలభై మంది ముందు నిలబడి ఇలాంటి మాట మన భాషలో లేదని చాటింపు వేసి వచ్చాను. అది రెండు వారాలుగా నా సొరుగులోనే ఉంది. మా అమ్మ రోజుకు పదిసార్లు అనేది. ‘ఉప్పు లేదా?’ ‘లేకేం.’ ‘ఆకలి లేదా?’ ‘లేకేం.’ నేనే దాన్ని ఎక్కడో వదిలేశాను. వచ్చే శనివారం దీన్ని కూడా మైకులో ఒప్పుకోవాలి. లైబ్రేరియన్‌గారు గుండె పట్టుకుంటారు.

ఇప్పుడు మీ ప్రశ్న.

రెండో వంతెన మొదటిదానికంటే పొడవని, స్తంభాలు తక్కువని, అలాంటిది ఇదివరకు ఎవరూ కట్టలేదని మీరు ఒకటిన్నర పేజీ రాశారు. ఆ పేజీలో మీ చేతిరాత కూడా మారింది, తొందరతొందరగా ఉంది. మీకు ఆ పని ఎంత ఇష్టమో నాకు తెలియక కాదు. అందుకే ఈ కాగితం ఇన్నిసార్లు సొరుగులోకి వెళ్లింది.

ఇంట్లో మీరు లేక ఆగిపోయిన పని ఏదీ లేదు. గీజరు నేనే బాగుచేయించాను. మామయ్యగారిని డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తున్నాను. పోలీసు బడి, కరెంటు బిల్లు, కొళాయి, అన్నీ సాగిపోతున్నాయి. మీరుండగా సాగినదానికంటే కొంచెం బాగానే సాగుతున్నాయని కూడా చెప్పాలి, ఏమీ అనుకోకండి. మన పెళ్లైన కొత్తలో మీ అక్కయ్య నన్ను ‘ఉలకదు పలకదు’ అన్నారు. మీరు బస్సెక్కిన రోజు కూడా కిటికీలోంచి “ఫర్వాలేదు కదా?” అన్నారు, నేను “ఫర్వాలేదు” అన్నాను. ఉలకలేదు. పెద్ద దుప్పటి ఒక్కదాన్నే గడ్డం కింద పెట్టుకుని మడతపెట్టడం నాకిప్పుడు బాగా వచ్చు. నవల చదివి నేర్చుకున్నది కాదు. మీరు వెళ్లాక వచ్చింది.

కాబట్టి మీతో ఏం అవసరమో నర్సమ్మగారికి నేను చెప్పలేకపోయాను. మీకైనా చెప్పడానికి ప్రయత్నిస్తాను. మామయ్యగారు డోకు గురించి అడిగి, వేళ్లు లెక్కపెట్టుకుంటూ గదిలోకి వెళ్లిపోయినప్పుడు, నేను నవ్వాపుకుంటూ మన గదిలోకి పరిగెత్తాను. మీకు చెబుదామని. గుమ్మం దాటాక గానీ మీరు లేరన్న సంగతి గుర్తుకు రాలేదు. మంచం మీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వుదామని చూశాను, రాలేదు. ఏడుపు వచ్చింది. ఇలా జరగడం అదే మొదటిసారి కాదు. ఏం జరిగినా మీకు చెప్పి, మీరు “ఊఁ, తర్వాత?” అనేదాకా నాకు అది సగమే జరిగినట్టుంటుంది. ఉత్తరంలో రాస్తున్నానుగా అంటారు. రాస్తున్నాను. కానీ మీరు ఎక్కడ నవ్వుతున్నారో కనబడదు.

ఇంకో రెండేళ్లు నేను నెట్టుకురాలేనని కాదు. రాగలను. ఆ రెండేళ్లలో అలా నవ్వుకుంటూ గదిలోకి పరిగెత్తడం కూడా మానేస్తాను, అలవాటైపోతుంది. నాకు అలవాటు కావడం ఇష్టం లేదు.

ఇక్కడ ‘సంతకం పెట్టాలో వద్దో మీ ఇష్టం’ అని రాసి కొట్టేశాను. సిరా కింద అక్షరాలు కనబడుతుంటాయి, పట్టించుకోకండి. అది పాత అలవాటు. నా మాట ఇది: ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఈ వంతెన అవగానే ఇంటికి వచ్చేయండి. ఇక్కడా సిమెంటు ఉంది, ఇక్కడా దిమ్మలు పగలగొట్టుకోవచ్చు.

ఫోన్‌లో అడిగి ఉంటే నేను “లేదు” అనేసి ఉండేదాన్ని, లైను కట్ అయ్యేది, మీరు సంతకం పెట్టేసేవారు. ఉత్తరంలో అడిగి మంచిపని చేశారు. మీరు అంచున నిలువుగా, చిన్నక్షరాలతో అడిగారు. నేను కాగితం మధ్యలో, అడ్డంగా, గేటు బోర్డు రాసేవాడిలా పెద్దక్షరాలతో జవాబు రాస్తున్నాను.

నీకు ఇబ్బందేం లేదు కదా?

లేకేం.

ఇట్లు,
మీ ఆవిడ